తలలు వాడివి, మొండేలు నావి

మార్చి 3, మంగళవారం

తమ్ముడు ఇవాళ సగం గ్లాసు పాలు తాగాడు.

మట్టి కోసే తీగ తుప్పు పట్టింది, తీసేశాను. చెక్కుడు కత్తులు మొద్దుబారాయి, సాన పట్టించాలి. ప్రస్తుతానికి అన్నీ బీరువాలో పెట్టి తాళం వేశాను. తాళంచెవి నా మెడలో గొలుసుకి ఉంది.

మార్చి 4, బుధవారం

తీగ తుప్పు పట్టలేదు. కత్తులూ మొద్దుబారలేదు. ఈ పుస్తకం నేను తప్ప ఎవరూ చదవరు, అయినా దీంతో కూడా అబద్ధాలాడుతున్నాను. వాడు చచ్చిపోవాలనుకున్నాడు. పోయిన నెల ఆ రోజు బజారులో నా సంచి తెగి, సామానంతా రోడ్డు పాలై, విసుగొచ్చి మధ్యలోనే ఇంటికి తిరిగి రాకపోయి ఉంటే ఈపాటికి వాడు లేడు. ఆ తెగిన సంచికి దండం పెట్టుకోవాలి. ఆ రోజు గురించి ఇంతకు మించి రాయను.

డాక్టరు చెప్పినవి మాత్రం మర్చిపోకుండా రాసుకుంటాను. ఒంటరిగా వదలకూడదు. పదునైనవి, తాళ్లు, తీగలు కంటికి కనిపించకూడదు. మందులు పనిచేయడానికి వారాలు పడుతుంది. ఈలోగా తిట్టకూడదు, బతిమాలకూడదు, "నీకేం తక్కువరా" అని అసలే అనకూడదు. ఆ చివరి మాట నేను అప్పటికే చాలాసార్లు అనేశాను.

మార్చి 6, శుక్రవారం

డాక్టరు దగ్గరికి వెళ్లి వచ్చాం. వాడు కుర్చీలో కూర్చుని నేలమీది టైల్స్ మధ్య గీతలు చూస్తూ ఉన్నాడు. మాట్లాడే పని నా మీద పడింది. అదేమీ కొత్త కాదు, నోరు పంచేటప్పుడు మా అమ్మ నాకే మొత్తం ఇచ్చేసింది.

"ఏం పని చేస్తారమ్మా మీరిద్దరూ?" అని అడిగాడాయన.

"మట్టితో జంతువులు చేస్తామండీ. లేని జంతువులు."

"లేనివంటే?"

"ఏనుగు కాళ్ల మీద చేప, రెక్కలున్న తాబేలు, అలాంటివి. తలలు వాడివి, మొండేలు నావి."

ఆయనకి అర్థం కాలేదు. చెప్పాను. చిన్నప్పుడు ఒకే మట్టిముద్ద కోసం జుట్లు పట్టుకుంటుంటే, మా అమ్మ విసిగిపోయి ముద్దని రెండు చేసి, గది మధ్యలో నీలం చారల దుప్పటి కట్టింది. "చెరో పక్క కూర్చుని చెరోటి చేసుకోండి, నా ప్రాణం తీయకండి" అంది. తీరా చూస్తే నేను తల లేని మొండెం చేశాను, వాడు మొండెం లేని తల చేశాడు. రెండూ అతికించాం. ఆ వచ్చినదాన్ని చూసి అమ్మ కూర్చుని మరీ నవ్వింది. అప్పటినుంచీ అదే పద్ధతి. వాడు ఏం చేస్తున్నాడో నేను చూడను, నేను ఏం చేస్తున్నానో వాడు చూడడు. అతికించే రోజే తల తెర ఇవతలికి వచ్చేది. మధ్యలో తెర దాటేది అమ్మ గాజు ఒక్కటే. నా మొండెం మెడ ఆ గాజుకి సరిపోవాలి, వాడి తల మెడ కూడా ఆ గాజుకే సరిపోవాలి.

"మరి ఒకదానికొకటి పొంతన కుదరకపోతే?"

"కుదరకపోతేనే కదండీ అది మా జంతువు. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందని అందరూ నవ్వుతారు. మేం మొదలుపెట్టేదే కోతితో."

డాక్టరు నవ్వాడు. ఈ కథ నేను ఎవరికి చెప్పినా సరిగ్గా ఇక్కడే తమ్ముడు అందుకుంటాడు. "తల లేని పనులన్నీ మా అక్కవేనండీ" అంటాడు. ఇవాళ కూడా వాడి కోసం కాసేపు ఆగాను. వాడు టైల్స్ గీతలే చూస్తున్నాడు.

లేచేటప్పుడు, మట్టిపని చేయించవచ్చా అని అడిగాను. "ఆయనకి ఇష్టమైతే చేయనివ్వండి. మీ ఇష్టం కోసం చేయించకండి" అన్నాడు. పెద్ద తేడా ఏముందో నాకు తెలియలేదు.

మార్చి 8, ఆదివారం

పిన్ని వచ్చింది. వాడికి నీరసమని మాత్రమే ఆవిడకి చెప్పాం. వచ్చీ రాగానే అలమర మీది జంతువుల్ని చూసి మొదలుపెట్టింది.

"ఈ భూతాల మధ్య పడుకుంటే ఎవరికైనా జబ్బు చేస్తుందే. ముందు వీటిని బయట పారెయ్."

"వీటి వల్లే కదా పిన్నీ మేం తింటున్నాం."

"ఏం తినడమో! వాణ్ణి చూస్తే అవే వాణ్ణి తింటున్నట్టున్నాయి."

ఫక్కున నవ్వాను. నవ్వినందుకు సిగ్గేసింది. పిన్ని మాత్రం వాడి మంచం మీద కాళ్ల దగ్గర కూర్చుని, ఏమీ అడక్కుండా, వాడి పాదాలు ఒత్తుతూ తన మోకాళ్ల నొప్పుల గురించి చెప్పుకుంది. కాసేపటికి వాడు, "నువ్వు మెట్లెక్కి రావడం ఎందుకు పిన్నీ" అన్నాడు.

ఎన్నాళ్లకో విన్న పూర్తి వాక్యం. వారాల తరబడి కాపలా కాస్తున్నది నేను, మాట మాత్రం పిన్నికి. కుళ్లుకున్నాను. ఆవిడ వెళ్లాక వంటింట్లో కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను.

మార్చి 10, మంగళవారం

మొండెం మొదలుపెట్టి చాలా రోజులైంది, ఇవాళ పూర్తయింది. పిల్లల లైబ్రరీ వాళ్లది ఇది. మేకపిల్లంత ఉంటుంది. లైబ్రరీ గుమ్మం దగ్గర పెడతారట, లోపలికి వచ్చే ప్రతి పిల్లా పిల్లవాడూ దాని పొట్ట నిమిరి రావాలని లైబ్రరీ మేడమ్ కోరిక. అందుకని పెద్ద పొట్ట పెట్టాను. ఆరు కాళ్లు. నవ్వి నవ్వి పొట్ట పట్టుకున్నట్టు తోకని ముందుకు తెచ్చి చుట్టాను. తల గురించి వాడికి ఏమీ చెప్పకూడదు కదా. చెప్పలేదు. కానీ ఆ పొట్టకి నవ్వే తల తప్ప ఇంకేం సరిపోదు.

ఈ ఒక్క జంతువు పూర్తయితే వాడు బతుకుతాడు. నాకు అలా అనిపిస్తోంది. మందులు డాక్టరు ఇస్తాడు, బతకాలనే పని నేను ఇవ్వాలి.

మెడ గాజుతో సరిచూసి, గాజుని తెర కింద నుంచి అవతలికి జరిపాను. "పని మొదలైందిరోయ్" అని కేకేశాను. లోపలి గదిలో మంచం కిర్రుమంది. అంతే.

మార్చి 11

గాజు అక్కడే ఉంది.

మార్చి 12

గాజు అక్కడే ఉంది. మొండానికి తడిగుడ్డ మార్చాను. తడి ఆరితే తల అతకదు.

మార్చి 14, శనివారం

తెర ఎత్తాను.

మధ్యాహ్నం మందు వేసుకుని వాడు పడుకున్నాక ఎత్తాను. ఇంత వయసు వచ్చేదాకా ఎప్పుడూ చేయని పని. తలలేవైనా సగంలో ఉన్నాయేమో, ఏదో ఒకటి చూసి "ఇది బాగుందిరా, పూర్తి చెయ్" అనవచ్చని ఆశ.

మట్టి తొట్టి గట్టిపడి బండలా ఉంది. వేలితో కొడితే ఠంగుమంది. స్పాంజి ఎండి అప్పడమైంది. నీళ్ల గిన్నెకి అడ్డంగా సాలెగూడు. ఇది ఒక నెలలో అయ్యే పని కాదు. అలమర మీద దుమ్ములో గుండ్రటి మచ్చలు వరసగా ఉన్నాయి. ఎప్పుడో చేసి, కాల్చకుండా తడి కవర్లలో చుట్టి దాచుకున్న తలలు ఉండే చోటు అది. అన్నీ అయిపోయాయి.

ఇప్పుడు అర్థమైంది. వాడు మట్టి ముట్టుకుని ఏడాది పైనే అయ్యుంటుంది. నేను గాజు పంపినప్పుడల్లా పాత తల ఒకటి తీసి, కాస్త నీళ్లు అద్ది ఇచ్చాడు. నేనేమో "ఈ మధ్య నీ చేతిలో పాత కళ మళ్లీ వచ్చిందిరా" అని మెచ్చుకున్నాను. రావడమేమిటి నా మొహం, అవి పాతవే. పోయిన నెల నేను బజారుకి వెళ్లిన ఆ రోజుకి ముందు ఇచ్చిన తలే చివరిది అయ్యుంటుంది. ఆఖరి తల ఇచ్చేశాక ఇంక వాడి దగ్గర ఇవ్వడానికి ఏమీ మిగల్లేదు.

ఎవరు అడిగినా గొప్పగా చెప్పుకున్నాను, మేం ఒకరిదొకరం చూసుకోమని. తెరకి అవతల తమ్ముడు ఎండిపోతుంటే ఇవతల నేను పద్ధతి పాటించాను. పళ్లు నూరుకుంటూ ఆ దుప్పటిని పట్టుకుని నిలబడ్డాను. ఎవరి మీద కోపమో తేల్చుకోలేకపోయాను. మళ్లీ ఎప్పటిలాగే తెర దించి వచ్చాను.

మార్చి 17, మంగళవారం

లైబ్రరీ మేడమ్ ఫోన్ చేసింది. శనివారం వచ్చి చూస్తుందట. తమ్ముడికి బాగోలేదని చెప్పవచ్చు, ఆవిడ మంచిదే, ఆగుతుంది. కానీ నా నోరు, "దాదాపు అయిపోయిందండీ" అంది.

తల నేనే చేస్తాను. వాడి మీద భారం ఉండకూడదు. పని నడుస్తోందని చూస్తే వాడికీ ధైర్యం వస్తుంది. ఇది వాడి కోసమే.

మార్చి 19, గురువారం

కత్తులు బీరువాలో ఉన్నాయి కాబట్టి వేళ్లతో, ఒక చెంచాతో చేశాను. వాడి తలలు నేను ఎన్ని చూశాను! ఒక చెవి రెండో చెవికన్నా కిందికి పెడతాడు. కనురెప్పలు బరువుగా, ఇప్పుడే నిద్ర లేపినట్టు చేస్తాడు. చివర్లో కంటి కింద బొటనవేలితో ఒక్కసారి నొక్కుతాడు, దాంతో ముఖానికి ఎక్కడలేని జాలి వస్తుంది. అవన్నీ వరసగా చేసుకుంటూ పోయాను. పక్షి ముక్కు, కుందేలు చెవులు, పెద్ద నవ్వు.

వచ్చేసింది. అచ్చం వాడిదే. నాకే భయమేసింది. ఇంత తేలికా?

గాజుతో మెడ సరిచూశాను. నా మొండెం మెడ కొంచెం ఆరినట్టుంది, మధ్యలో గుడ్డ మార్చడం మరిచిన రోజులున్నాయి. రెండూ ఒకే తడికి వచ్చేదాకా ఆగాలి. ఆగే తీరిక లేదు. అతుకు పట్టేలా రెండు మెడల మీదా గీతలు గీసి, చిక్కటి అడుసు పూసి అతికించేశాను. చూపులకి బాగానే ఉంది.

మార్చి 21, శనివారం

లైబ్రరీ మేడమ్ తడిగుడ్డ తీయగానే రెండు చేతులూ బుగ్గల మీద పెట్టుకుంది. "అబ్బ! మీ తమ్ముడి చేయి ఎక్కడున్నా తెలిసిపోతుందండీ. ఆ కళ్లు చూడండి!" అంది. ఆవిడ గొంతు కాస్త పెద్దది. లోపలి గది తలుపు తెరిచే ఉంది. వాడు రాలేడని, అలసిపోయి పడుకున్నాడని చెప్పాను. తల నేను చేశానని మాత్రం చెప్పలేదు. సంతోషం కూడా వేసింది, ఇక్కడ దాచడమెందుకు.

ఆవిడ వెళ్లాక వాడే లేచి వచ్చాడు. తనంతట తాను! జంతువు ముందు నిలబడి చాలాసేపు చూశాడు. కంటి కింద బొటనవేలి నొక్కు మీద తన బొటనవేలు పెట్టి చూసుకున్నాడు.

"బాగుందక్కా. నాదే అనుకుంటారు."

"నీ దగ్గర నేర్చుకున్నదే కదరా. నువ్వేం కంగారు పడకు, హాయిగా పడుకో. నువ్వు లేకపోయినా పని ఆగదు, నేను చూసుకుంటాగా."

తలూపాడు. నా భుజం మీద చేయి కూడా వేశాడు.

మార్చి 22, ఆదివారం

తేరుకున్నాడు! తేరుకున్నాడు!

లేవగానే స్నానం చేశాడు. గడ్డం గీసుకుంటానంటే దగ్గరుండి గీయించాను. అన్నం పెడితే మారు వడ్డించుకున్నాడు. పక్కబట్టలు మడత పెట్టాడు. బనీన్లు, తువ్వాళ్లు విడివిడిగా సర్దాడు. కింద టైర్ల షాపు ఆయన దగ్గర ఎప్పుడో తెచ్చిన గొడుగు వెతికి, దిగి వెళ్లి ఇచ్చి వచ్చాడు. పిన్నికి ఫోన్ చేసి మోకాళ్లకి ఏదో నూనె చెప్పాడు. నేను ఏదో అంటే నవ్వాడు కూడా.

మందులు పట్టాయన్నమాట. డాక్టరుకి ఫోన్ చేసి చెప్పాలి, రేపు చేస్తాను. ఇవాళ ఆ మొండెం మీద గుడ్డ కప్పడం కూడా గుర్తులేదు. ఏమీ గుర్తులేదు, అంత సంతోషంగా ఉంది.

మార్చి 23, సోమవారం

లేడు.

పాల కోసం కిందికి దిగాను. పాల కోసం. తిరిగి వచ్చేసరికి తలుపు దగ్గరగా వేసి ఉంది. చెప్పులు ఇక్కడే ఉన్నాయి. టైర్ల ఆయన స్కూటర్ తీసుకుని ఒక పక్కకి వెళ్లాడు, వాళ్ల పనివాళ్లు ఇంకో పక్కకి వెళ్లారు. నన్ను ఫోన్ దగ్గరే ఉండమన్నారు. ఫోన్ దగ్గర ఉన్నాను. ఏం చేయాలో తెలియక ఇది రాస్తున్నాను. ఒరేయ్ ఎక్కడున్నావురా

మార్చి 24, మంగళవారం

ఉన్నాడు. బతికే ఉన్నాడు.

ఊరి చివర ఇటుకల బట్టీ పక్కన మట్టి తవ్వి తవ్వి పెద్ద గుంట అయింది, అందులో నీళ్లు నిలుస్తాయి. మా మట్టి కూడా ఎప్పుడూ అక్కడినుంచే తెచ్చుకుంటాం. ఆ నీళ్లలోకి దిగాడు. ఇటుకలు మోసే ఆడవాళ్లు చూసి కేకలేస్తే మగవాళ్లు దూకి పట్టుకొచ్చారు. టైర్ల ఆయన చెబుతూ నా ముఖం చూడకుండా స్కూటర్ అద్దం తుడుస్తూ ఉన్నాడు.

ఆసుపత్రిలో చేర్చారు. తలుపులకి లోపలి నుంచి గొళ్లాలు ఉండని వార్డు. కొన్నాళ్లు నన్ను కూడా రానివ్వరట.

మార్చి 26, గురువారం

నువ్వు లేకపోయినా పని ఆగదు.

నా నోటితో నేనే అన్నాను. ముద్దు చేస్తూ అన్నాను. వాడు బతకడానికి వాడి దగ్గర మిగిలిన కారణం ఆ తలలొక్కటే అయితే, దాన్ని కూడా లాక్కుని, చక్కగా చేసి చూపించి, "నాదే అనుకుంటారు" అని వాడితోనే అనిపించాను. పక్కబట్టలు మడత పెడుతుంటే చూసి సంబరపడ్డాను. ప్రయాణం కట్టేవాళ్లే కదా అలా సర్దేది. చిన్నపిల్లలకి కూడా తెలిసే విషయం.

డాక్టరు ఫోన్‌లో అన్నాడు, "ఒక్క మాట వల్ల ఎవరూ ఆ పని చేయరమ్మా, ఇది జబ్బు" అని. ఆయన చెప్పింది నిజమే అయ్యుంటుంది. నాకు మాత్రం అన్నం ముందు కూర్చుంటే ఆ మాటే వినిపిస్తోంది.

మార్చి 29, ఆదివారం

ఇవాళ చూడనిచ్చారు. పొడుగాటి గది, కిటికీలకి జల్లెడలాంటి ఇనపవల, ఆకుపచ్చ బట్టల్లో వాడు. నోటి పక్కన గీరుకుపోయింది. ఏం మాట్లాడాలో తెలియలేదు. అరటిపళ్లు తెచ్చానన్నాను. తలూపాడు. పిన్ని రేపు వస్తుందన్నాను. తలూపాడు. ఇక వచ్చేస్తుంటే అడిగాడు.

"మొండానికి నీళ్లు చల్లుతున్నావా?"

"ఆఁ. రోజూ చల్లుతున్నా."

వాడు ఇంట్లోంచి వెళ్లిపోయిన రోజు నుంచి అటు చూసిందే లేదు. ఇంటికి వచ్చి చూస్తే, నేను అతికించిన తల నేల మీద ఉంది. మెడ దగ్గర చుట్టూ పగులు వచ్చి దానంతటదే ఊడిపోయింది. ఆరిన మెడకి తడి తల అతికిస్తే ఏమవుతుందో మట్టి ముట్టిన మొదటి వారమే తెలుస్తుంది. ముక్కు విరిగింది, నవ్వు మాత్రం అలాగే ఉంది. ఆ నవ్వు చూస్తే ఒళ్లు మండింది. మొండెం తెల్లగా పాలిపోయింది, తోక మధ్యలో నెర్ర.

ఆసుపత్రి మంచం మీద ఉన్న మనిషి నోరు తెరిచి అడిగింది ఒక్కటే. దానికీ అబద్ధమే చెప్పాను.

ఏప్రిల్ 2, గురువారం

వెళ్లగానే చెప్పేశాను, కూర్చోకముందే. నిలబడి ఉంటేనే ధైర్యంగా ఉంది.

"ఒరేయ్, నేను నీళ్లు చల్లలేదురా. ఎండిపోయింది. తల ఊడిపోయింది. అసలు ఆ తల నేను చేయకుండా ఉండాల్సింది. నువ్వు లేకపోయినా పని ఆగదన్నాను కదా, అది శుద్ధ అబద్ధం. ఆగిపోయింది. అంతా ఆగిపోయింది. నాకు ఏమీ చేతకావడం లేదు."

పక్క మంచం ఆయన లేచి కూర్చుని నన్నే చూశాడు. ఏడుపు ఆపుకోవడం నా వల్ల కాలేదు. బతిమాలకూడదని డాక్టరు చెప్పాడు, ఇది బతిమాలడం కిందికే వస్తుందేమో.

వాడు గోడవైపు తిరిగాడు. ఇంకేం లేదు, మళ్లీ మూసుకుపోయాడు అనుకున్నాను.

"పూర్తిగా ఎండిందా?"

"ఎముకలా ఉంది."

"అయితే నీళ్లలో వెయ్యి. పూర్తిగా ఎండితే కరుగుతుంది. సగం ఎండితేనే కష్టం."

ఈ మాత్రం నాకు తెలియదా? మట్టిపని చేసే ప్రతివాళ్లకీ తెలుసు. సగం పచ్చిగా ఉన్నప్పుడు నీళ్లు పోస్తే పైపైన జారుతుంది, లోపల గట్టిగానే ఉంటుంది. ఎముకలా ఎండినదైతేనే నీళ్లు తాగి, పొరలు పొరలుగా విడిపోయి, మళ్లీ మొదటి మట్టి అవుతుంది. తెలిసిందే అయినా, ఎప్పుడూ వినని రహస్యంలా విన్నాను. చెప్పింది వాడు కదా.

వచ్చేటప్పుడు ఇంకోటి అన్నాడు. "అక్కా, అమ్మ గాజు తీసుకురా."

దారంతా ఏడుస్తూనే వచ్చాను. బస్సులో పక్కావిడ చోటు ఎక్కువ ఇచ్చి కూర్చోబెట్టింది.

ఏప్రిల్ 3, శుక్రవారం

మొండాన్ని సుత్తితో ముక్కలు చేసి పెద్ద టబ్బు నీళ్లలో వేశాను. నేను చేసిన తల కూడా. మొదట బుడగలు వచ్చాయి, సన్నటి చప్పుడు కూడా. తర్వాత కాళ్లు విచ్చుకున్నాయి. పొట్ట కూలింది. నవ్వు కాసేపు నిలబడి అదీ పోయింది. పక్కనే పీట వేసుకుని కూర్చుని చూశాను. వాడి తొట్టిలో బండలా ఎండిన మట్టిని కూడా తెచ్చి అందులోనే వేశాను.

తెర తీసేశాను. ఆ దుప్పటిని చింపి తడిగుడ్డలు చేశాను. అమ్మ చూస్తే తిట్టేది, తిట్టనీ.

ఏప్రిల్ 5, ఆదివారం

గాజు లోపలికి రానివ్వరట. గేటు దగ్గర సెక్యూరిటీ అతను గాజుని పైకెత్తి చూసి, "గాజువి కుదరవమ్మా, పగిలితే ప్రమాదం" అన్నాడు. వాదించాను. మా అమ్మదన్నాను, ఇన్నేళ్లుగా పగల్లేదన్నాను. గొంతు లేచింది. అతను మెత్తగా, "నాకూ తెలుసమ్మా, కానీ లోపల ఒక్క మీ తమ్ముడే లేడు కదా" అన్నాడు.

అతని దగ్గరే కాగితం అడిగి, గాజు పెట్టి చుట్టూ గీత గీశాను. ఆ కాగితం పట్టుకెళ్లి తమ్ముడి చేతిలో పెట్టాను. వాడు గీత మీద వేలు తిప్పి చూశాడు. నాలుగుగా మడిచి దిండు కింద పెట్టుకున్నాడు.

"తెర తీసేశానురా" అని చెప్పాను.

"ఎందుకు?"

"నువ్వు కనపడాలి నాకు."

"చూస్తుంటే నాకు చేయి ఆడదక్కా."

"తలని చూడను. నిన్ను చూస్తా. అటు తిరిగి కూర్చుని చేసుకో, వీపు చూస్తా."

ఇవాళ మళ్లీ మాటలు తగ్గాయి. కళ్ల కింద నలుపు అలాగే ఉంది. అరటిపండు ముట్టలేదు. దిండు కిందికి ఒకసారి చేయి పెట్టి చూసుకున్నాడు. నేను దాన్నే పట్టుకుని వేలాడుతున్నాను.

ఏప్రిల్ 7, మంగళవారం

భయంగా ఉంది. ఫోన్ మోగితే భయం. మోగకపోతే భయం. టబ్బులో మట్టి తేరుకుంది, పైన నీళ్లు వంచేశాను. ఇవాళ అంతే.

ఏప్రిల్ 9, గురువారం

వాడు నిద్రపోతున్నాడు. నిన్న మందు మార్చారట, లేపవద్దన్నారు. తలుపులో గుండ్రటి అద్దంలోంచి దుప్పటి పైకీ కిందికీ కదలడం చూసి, తిరిగి వస్తుంటే నర్సు పిలిచింది.

"మీరేనా అక్క? మీ తమ్ముడితో పెద్ద తలనొప్పండీ. రెండు రోజులుగా బ్రెడ్డు తినడం లేదు. మధ్యలో మెత్తటిదంతా తీసి, నీళ్లు అద్ది పిసుకుతూ కూర్చుంటున్నాడు. లాక్కోబోతే డాక్టరుగారు వద్దన్నారు." గౌను జేబులోంచి చిన్న పొట్లం తీసి నా చేతిలో పెట్టింది. "ఇది మీకిమ్మన్నాడు. విప్పొద్దని కూడా చెప్పమన్నాడు."

నేను గీత గీసిన కాగితమే. అందులోనే చుట్టాడు. అంచులు మడిచి, మెతుకులతో అంటించాడు. ఒక పక్క ఏదో పొడుచుకుని ఉంది, ముక్కో కొమ్మో చెవో. బరువేమీ లేదు.

బస్సులో దాన్ని రెండు చేతుల మధ్య పట్టుకుని కూర్చున్నాను. ఒకసారి తెర ఎత్తి చూసినదాన్ని, పొట్లం విప్పడం నాకొక లెక్కా? వేలు మడత కిందికి వెళ్లింది కూడా. నవ్వుతోందా? ఏడుస్తోందా? కళ్లు పెట్టాడా అసలు? అది తెలిస్తే వాడు ఇక బతుకుతాడో లేదో తెలిసిపోతుందనిపించింది. మా స్టాపు వచ్చింది, దిగాను.

చీమలు పట్టకుండా స్టీలు డబ్బాలో పెట్టి మూత పెట్టాను. బ్రెడ్డు మట్టికి అతకదని నాకూ తెలుసు, వాడికీ తెలుసు. ఆ గొడవ అతికించే రోజు పడతాం, ఇద్దరం ఉండి పడతాం.

టబ్బులోంచి మట్టి తీసి పలక మీద వేసి పిసికాను. వాడిదీ నాదీ కలిసిపోయింది, ఏది ఎవరిదో తెలియడం లేదు. గాజు పక్కన పెట్టుకున్నాను. ఈసారి ఎన్ని కాళ్లో ఇంకా అనుకోలేదు.

పొట్లం విప్పలేదు. మొండెం పూర్తి కాకుండా తల చూడకూడదు.